రాజీనామా చాలదు, మౌనం అసలే చాలదు

2025 ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గామ్ దగ్గర, బైసరన్ మైదానంలో, ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవారిలో ఒకరు విశాఖపట్నం వాసి, ఇంకొకరిది కావలి. ఆ తర్వాత 17 రోజులకు, మే 9న, నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మన గోరంట్ల మండలం కల్లితండా యువకుడు, అగ్నివీర్ మురళీ నాయక్ ప్రాణాలు వదిలాడు. కశ్మీర్ లోయలో ఒక మధ్యాహ్నం కాపలా తప్పితే ఆ దెబ్బ పెనుకొండ నియోజకవర్గంలోని ఒక తండా దాకా వచ్చి తగిలింది.

కాపలా తప్పినప్పుడు జవాబు చెప్పాల్సింది ఎవరు? మడకశిరలో ఇద్దరు దగ్గరి బంధువులు ఈ ప్రశ్న మీద చెరో పక్క నిలబడ్డారు. మామ కానిస్టేబుల్‌గా చేరి ఎస్సైగా రిటైరైన మనిషి. అల్లుడు ఆయన అక్క కొడుకు, హిందూపురం కోర్టులో లాయరు. వాళ్ల వాదన ఇది.

మామ: తుపాకీ పేల్చింది ఉగ్రవాది. దిగిపొమ్మనేది మంత్రిని. ఇదేం న్యాయమప్పా? పేరూ మతమూ అడిగి మరీ చంపినారు. ఆ పాపం వాళ్లది, వాళ్లను పంపినోళ్లది. మనం మన మంత్రుల మీద పడి అరుస్తాంటే సరిహద్దు అవతల కూర్చున్నోడు నవ్వుకుంటాడు. వానికి కావాల్సింది అదే.

అల్లుడు: పాపం చంపినోళ్లదే మామా. దాంట్లో నీకూ నాకూ తగాదా లేదు. నేరం సంగతి కోర్టు చూసుకుంటుంది. నేను అడిగేది కాపలా సంగతి. చెరువు కట్ట తెగితే కురిసిన మబ్బు మీద కేసు పెట్టం. నీరుగంటిని పిలిచి అడుగుతాం: తూము ఎప్పుడు చూసినావు, కట్ట కుంగుతోందని ఊరోళ్లు చెప్తే ఏం చేసినావు అని. ఆ మాట అడిగినంత మాత్రాన మబ్బు పక్షం వహించినట్టు కాదు.

మామ: నీరుగంటికి ఒక చెరువు. పోలీసుకు ఎన్ని చెరువులో నీకు తెల్సా? స్టేషన్‌కు వచ్చే అలర్టు కాగితం నువ్వెప్పుడూ చూసిండవు. ఆగస్టు 15 ముందు వస్తుంది, జనవరి 26 ముందు వస్తుంది, డిసెంబర్ 6 ముందు వస్తుంది. రద్దీ ఉండేచోట్ల జాగ్రత్తగా ఉండమంటుంది. యాడ, ఎప్పుడు, ఎవరు అనేది దాంట్లో ఉండదు. ఆ కాగితం పట్టుకుని మేము బస్టాండులో బ్యాగులు చూస్తాం, లాడ్జి రిజిస్టర్లు తిరగేస్తాం, రాత్రి బీటు పెంచుతాం. మర్నాడు పుట్టపర్తికి ఎవరో పెద్దాయన వస్తాండాడని సగం మందిని బందోబస్తుకు తీసుకపోతారు. ఎన్ని అలర్టులు వచ్చినా ఏమీ జరగదు. ఏదో ఒకటి నిజమైన రోజు మాత్రం, ముందే చెప్పినాం కదా అంటారు.

అల్లుడు: ఆ మాట అనేది ఎవరు మామా? నేను చెప్తా చూడు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలినాయి. 18 మంది పోయినారు, వందమందికి పైగా గాయపడినారు. రెండు రోజుల ముందే రాష్ట్రాలకు సమాచారం ఇచ్చినామని అప్పటి కేంద్ర హోం మంత్రి సుశీల్‌కుమార్ షిండే అన్నాడు. అట్లాంటి సాధారణ హెచ్చరికలు వస్తూనే ఉంటాయని ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి అన్నాడు. కేంద్రం చెప్పినామంటుంది, రాష్ట్రం సరిగ్గా చెప్పలేదంటుంది. కాగితం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పోయిందే కానీ, ఎవరి చేతిలో ఉన్నప్పుడు పని జరగలేదో చెప్పినవాడు లేడు.

మామ: నేను చెప్పిందీ అదే కదప్పా. చోటు తెలీని హెచ్చరికతో ఎవరు మాత్రం ఏం చేస్తారు?

అల్లుడు: అక్కడ చోటు తెలుసు మామా. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో బాంబులు పేలి 42 మంది చచ్చిపోయిన రాత్రే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. 2012 అక్టోబర్‌లో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ఇండియన్ ముజాహిదీన్ మనుషులు, దిల్‌సుఖ్‌నగర్‌ను ముందే చూసి వచ్చినామని విచారణలో చెప్పినట్టు పోలీసులే బయటపెట్టినారు. నాలుగు నెలలకు అక్కడే బాంబులు పేలినాయి. అది స్టేషన్‌లో రిజిస్టర్లు తిరగేసే ఎస్సై తప్పని నేననను. రెండు ప్రభుత్వాల మధ్య ఎవరు దేన్ని పట్టించుకోవాలో తేల్చాల్సినోళ్లు మంత్రులు. కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో మన నీలకంఠాపురం రఘువీరారెడ్డి రెవెన్యూ మంత్రి. ఆయనకూ పోలీసు శాఖకూ సంబంధం లేదు. కానీ రాజ్యాంగం 164వ అధికరణంలో ఒక మాట ఉంది: మంత్రివర్గం మొత్తం శాసనసభకు ఉమ్మడి బాధ్యత వహిస్తుంది. శాఖ నాది కాదంటే సరిపోదని దానర్థం. ఒక్క రోజైనా ఆ మాటకు తగినట్టు సభలో లెక్క చెప్పినారా?

మామ: లెక్క చెప్పకపోతే ఏమప్పా, పని చేసి చూపించినారు. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఎన్‌ఐఏ కోర్టు 2016లో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. గోకుల్ చాట్ కేసులో 2018లో ఇద్దరికి ఉరిశిక్ష పడింది. 2007 పేలుళ్ల తర్వాత రాష్ట్రంలో ఉగ్రవాదులను ఎదుర్కొనే ఆక్టోపస్ దళం పుట్టింది. 2008 ముంబై దాడి తర్వాత నెల తిరక్కుండానే ఎన్‌ఐఏ బిల్లు పార్లమెంటులో పాసైంది, హైదరాబాద్‌లో ఎన్‌ఎస్‌జీ కేంద్రం వచ్చింది. బాధ్యత అంటే నా దృష్టిలో ఇది. కుర్చీ దిగిపోయి ఇంట్లో కూర్చునేది కాదు.

అల్లుడు: మంచిది. అయితే మక్కా మసీదు సంగతి కూడా చెప్పు మామా. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది పోయినారు. ఆ తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయినారు. హైదరాబాద్ ముస్లిం పిల్లకాయలను పట్టుకపోయి కొట్టినారు. వాళ్లు నిర్దోషులని తేలింది. కేసు సీబీఐకి పోయి, ఎన్‌ఐఏకి పోయి, వేరే మనుషుల మీద నడిచి, 2018 ఏప్రిల్ 16న వాళ్లందరినీ కూడా కోర్టు వదిలేసింది. తొమ్మిది మందిని ఎవరు చంపినారో ఈ దేశంలో ఏ కోర్టూ ఇంతవరకు చెప్పలేదు. శిక్షే జవాబు అన్నావు కదా. శిక్ష పడనప్పుడు జవాబు ఎవరిది?

మామ: నీ వాదనకు నువ్వే గండి కొట్టుకున్నావు అల్లుడూ. ఆ పిల్లకాయలను ఎందుకు పట్టుకున్నారు? నేను ఆ శాఖలో బతికినోణ్ని, విను. పైన కుర్చీ కదిలితే కింద ఫోన్లు మోగుతాయి. రేపు పొద్దునకల్లా ఎవరినో ఒకర్ని చూపించండి అంటారు. టీవీలో ముసుగేసి నిలబెట్టేదానికి నలుగురు కావాల. రాజీనామా భయం ఎంత పెరిగితే అమాయకుల మీద దెబ్బలు అంత పెరుగుతాయి. నువ్వు మంత్రిని నిలదీస్తాండావని అనుకుంటావు. ఆ దెబ్బ పోయి తగిలేది పాతబస్తీలో మెకానిక్కు పిల్లోనికి.

అల్లుడు: ఈ మాట బరువైనది మామా. దీన్ని నేను తోసిపుచ్చను. కానీ ఒకటి గమనించు. ఆ ఒత్తిడి వచ్చింది మంత్రిని నిజం చెప్పమన్నందుకు కాదు, మనిషిని చూపించమన్నందుకు. ఎవర్ని పట్టుకున్నారని మనం అడిగితే ఎవర్నో ఒకర్ని తెచ్చి నిలబెడతారు. మీకేం తెలుసు, ఎప్పుడు తెలుసు, తెలిసినాక ఏం చేసినారు అని అడిగితే ఆ ప్రశ్నకు ఏ పిల్లోణ్నీ బలిపెట్టి తప్పించుకోలేరు. కాగితాలు తీసి చూపించాల్సిందే.

మామ: కాగితాలంటాండావు. మన పక్కన పావగడ ఉందే, దాని కాగితం ఎవరి బీరువాలో తీస్తావు? 2005 ఫిబ్రవరిలో పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లిలో కర్ణాటక రిజర్వు పోలీసుల క్యాంపు మీద నక్సలైట్లు రాత్రిపూట పడి పోలీసులను చంపినారు. అంతకు నాలుగైదు రోజుల ముందే చిక్కమగళూరు అడవిలో వాళ్ల నాయకుడు సాకేత్ రాజన్ ఎన్‌కౌంటర్ అయినాడు. పగ తీర్చుకుంటారని ఎవరికి తెలీదు? కానీ పావగడను మ్యాపులో చూడు. పేరుకు కర్ణాటక, దాదాపు చుట్టూ మన పాత అనంతపురం జిల్లా. అట్లనే మన మడకశిర పోయి కర్ణాటకలోకి చొచ్చుకుని ఉండాది. గట్టు ఇవతల తెలుగు పోలీసు, అవతల కన్నడ పోలీసు. వైర్‌లెస్ సెట్లు వేరు, ఆఫీసర్లు వేరు, ప్రభుత్వ విధానం వేరు. మన రాష్ట్రంలో 2004 అక్టోబర్‌లో నక్సలైట్లతో చర్చలు జరిగినాయి, జనవరికి అవి చెడినాయి. అవతల రాష్ట్రంలో ఎన్‌కౌంటర్లు. ఆ రాత్రికి ఏ మంత్రిని దిగమంటావు? బెంగళూరులో ఉండేటాయన్నా, హైదరాబాద్‌లో ఉండేటాయన్నా?

అల్లుడు: ఎవర్ని దిగమనాలనేది తర్వాత. ఎవర్ని అడగాలంటే ఇద్దర్నీ అడగాలంటాను. హద్దు అవతలి పోలీసుతో మాట్లాడుకునే ఏర్పాటు హెడ్డు కానిస్టేబుల్ చేయగలడా? రెండు రాష్ట్రాల హోం మంత్రులు కూర్చుంటేనే అవుతుంది. నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళం 1989లో ఎట్ల పుట్టింది? ఒక ప్రభుత్వం తీర్మానించి, డబ్బిచ్చి, కె.ఎస్. వ్యాస్ లాంటి అధికారికి స్వేచ్ఛ ఇస్తే పుట్టింది. ఆక్టోపస్ కూడా అంతే. మంచి ఏర్పాటు జరిగితే మా ప్రభుత్వం చేసిందని శిలాఫలకం వేసుకుంటారు. ఏర్పాటు లేక జనం చస్తే అది వ్యవస్థ లోపమంటారు. ఘనత సొంతమైతే లోపం కూడా సొంతమే కావాల కదా!

మామ: సరే, సొంతమనుకుందాం. ముంబైలో 2008 నవంబర్ 26 తర్వాత అందరూ సొంతం చేసుకున్నారు కదా. శివరాజ్ పాటిల్ కేంద్ర హోం మంత్రి పదవి వదిలినాడు. మహారాష్ట్రలో ఆర్.ఆర్. పాటిల్ వదిలినాడు, ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ వదిలినాడు. ఆ తర్వాత? ఏడాది తిరగకముందే ఆర్.ఆర్. పాటిల్ మళ్లీ అదే హోం శాఖకు మంత్రి. దేశ్‌ముఖ్ 2009 మేలో కేంద్రమంత్రి. శివరాజ్ పాటిల్ 2010 జనవరిలో పంజాబ్ గవర్నర్. ఇదేనా నువ్వు అడిగే బాధ్యత? దీనికంటే కుర్చీలోనే ఉండి పని చేసేటోడు నయం.

అల్లుడు: ఒప్పుకుంటా మామా. నిజం బయటపడని రాజీనామా ఉత్తదే. ముంబై దాడి మీద ప్రభుత్వమే ఆర్.డి. ప్రధాన్ కమిటీ వేసింది. ఆ నివేదికను మొదట సభ ముందు పెట్టలేదు. పత్రికల్లో బయటపడినాక పెట్టినారు. ముగ్గురు దిగిపోయినారు, కానీ జనానికి తెలియాల్సిన నివేదిక అంతవరకు బీరువాలోనే ఉండిపోయింది. రాజీనామా జవాబుకు దారి తెరవాల్సింది పోయి, దానికి అడ్డుగా నిలబడింది. మంత్రి పోయినాడు కదా, ఇంకేం అడుగుతారు అన్నట్టు అయింది.

మామ: అందరూ చెప్పే లాల్ బహదూర్ శాస్త్రి కథ కూడా అంతేనప్పా. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడి నూరు మందికి పైగా చచ్చిపోయినారు. శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు కాకముందే నవంబర్‌లో అరియలూరు దగ్గర ఇంకో వంతెన వరదకు పోయింది, 140 మందికి పైగా పోయినారు. అప్పుడు ఒప్పుకున్నారు. ఆయన మహానుభావుడు, కాదనను. కానీ రాజీనామా కాగితంతో వంతెనలు గట్టిపడవు.

అల్లుడు: గట్టిపడవు. కానీ రైలు విషయంలో ఈ దేశం ఇంకో పని చేసింది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. ఇప్పుడు పెద్ద రైలు ప్రమాదం జరిగితే రైల్వే భద్రతా కమిషనర్ విచారణ చేస్తాడు. ఆయన రైల్వే మంత్రి కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. ఎందుకట్ల పెట్టినారు? తప్పు చేసిన శాఖ తన తప్పును తానే విచారించుకోకూడదని. విమానం కూలినా దానికంటూ విచారణ సంస్థ ఉంది. కానీ బాంబు పేలి 42 మంది పోతే, కాపలా ఎక్కడ తప్పిందో విచారించాలని ఏ చట్టమూ ప్రభుత్వాన్ని కట్టడి చేయదు. 1952 విచారణ కమిషన్ల చట్టం ఉంది, కానీ సభ తీర్మానం చేస్తే తప్ప, కమిషన్ వేయాలా వద్దా అనేది ప్రభుత్వం ఇష్టం. ఎవర్ని అడగాలో వాళ్ల అనుమతి తీసుకుని వాళ్లను అడగాల.

మామ: రైలు పట్టాకు శత్రువు లేడు అల్లుడూ. ఉగ్రవాదికి చెవులుండాయి. మన నిఘా ఎక్కడ గుడ్డిదో, ఏ దారిలో పికెట్ లేదో, ఏ ఇన్ఫార్మర్ మనవాడో అన్నీ నివేదికలో రాసి అసెంబ్లీలో పంచితే, రెండోసారి వాళ్లకు పని సులువైతుంది. నేను నడిపిన ఇన్ఫార్మర్ పేరు నా పక్క సీటు వాడికి కూడా చెప్పిండ్లా.

అల్లుడు: దానికి మన దేశంలోనే దారి చూపించినారు. 1999లో కార్గిల్ యుద్ధం జులై 26న ముగిసింది. మూడు రోజులకే కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్షా కమిటీ వేసినారు. డిసెంబర్‌లో నివేదిక వచ్చింది. 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టినారు. రహస్యంగా ఉంచాల్సిన భాగాలు తీసేసి మిగతాది పుస్తకంగా కూడా వేసినారు. నిఘా యాడ తప్పిందో దాంట్లో ఉంది. దానివల్ల దేశం బలహీనపడలేదు, నిఘా ఏర్పాట్లలో మార్పులు వచ్చినాయి. ఇన్ఫార్మర్ పేరు దాచు మామా. మంత్రి ఏ తారీఖున ఏం విని ఏం చేయలేదో అది మాత్రం దాచొద్దు.

మామ: ఇప్పుడు పహల్గామ్‌కు రా. మే 7న పాకిస్తాన్ మీద ఆపరేషన్ సిందూర్ చేసినారు. జులై 28న ఆ ముగ్గురు హంతకులనూ శ్రీనగర్ దగ్గర మట్టుపెట్టినారు. పార్లమెంటులో చర్చ కూడా పెట్టినారు. ఇంకేం కావాలప్పా?

అల్లుడు: అవి శత్రువుకు ఇచ్చిన జవాబులు. నేను అడిగేది పౌరునికి ఇవ్వాల్సిన జవాబు. అంతమంది టూరిస్టులు పోయే మైదానంలో ఆ మధ్యాహ్నం ఒక్క పోలీసు పికెట్ ఎందుకు లేదు? ఇక్కడ కేంద్రం, రాష్ట్రం అనే సాకు కూడా లేదు. 2019 పునర్వ్యవస్థీకరణ తర్వాత జమ్మూ కశ్మీర్‌లో పోలీసు, శాంతిభద్రతలు కేంద్రం చేతిలో, లెఫ్టినెంట్ గవర్నర్ ద్వారా నడుస్తాయి. ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా చేతిలో కానిస్టేబుల్ కూడా లేడు. అయినా ఏప్రిల్ 28న శాసనసభలో నిలబడి, భద్రత నా చేతిలో లేకపోయినా అతిథులుగా వచ్చినోళ్లను క్షేమంగా తిప్పి పంపలేకపోయినాను, ఏ మాటతో క్షమాపణ అడగాలో తెలీట్లేదు అన్న అర్థంలో మాట్లాడినాడు. అధికారం లేనాయన ఏడు రోజుల్లోపే మాట్లాడినాడు. అధికారం ఉన్న లెఫ్టినెంట్ గవర్నర్ మనోజ్ సిన్హా జులైలో, అది భద్రతా వైఫల్యమే, పూర్తి బాధ్యత నాదే అని ఒక పత్రికతో అన్నాడు. ఆ మాటను నేను గౌరవిస్తా. కానీ బాధ్యత నాది అన్న తర్వాత వాక్యం ఏంది? ఏం తప్పింది, ఎవరు తప్పినారు, ఏం మార్చినాం? అది రాలేదు.

మామ: పత్రికతో అయినా ఒప్పుకున్నాడు కదా. అట్ల ఒప్పుకున్నోళ్లు ఎంతమంది ఉండారు?

అల్లుడు: తక్కువే. కానీ చూడు, మన కల్లితండా ఇంటికి ఏమేం ఇచ్చినారో. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల పొలం, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించింది. మంత్రులు వచ్చి అంత్యక్రియల్లో నిలబడినారు. ఇవ్వాల్సిందే, నిలబడాల్సిందే. తల్లిదండ్రులకు ఇంకొకటి కూడా బాకీ ఉండారు. ఆ యుద్ధానికి దారితీసిన ఏప్రిల్ 22ను ఆపగలిగి ఉండేవాళ్లా లేదా అన్న లెక్క. పరిహారంతో ఆ బాకీ తీరదు. పరిహారం ఇచ్చినాం కదా అని ఆ ప్రశ్నను మూసేయడానికి వీల్లేదు.

మామ: (కొంత సేపటికి) ఆ మాట కాదనలేనప్పా. కానీ బయట దేశాలు ఏమన్నా గొప్పగా చేసినాయా? అమెరికాలో 2001 సెప్టెంబర్ 11కు మూడు వేల మంది దాకా పోయినారు. ఏ పెద్ద తలకాయ దిగింది?

అల్లుడు: ఎవరూ దిగలేదు. కానీ భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు పట్టుబట్టి, ప్రభుత్వం వద్దన్నా కమిషన్ వేయించినారు. పదిమంది సభ్యులు, చెరో పార్టీ నుంచి ఐదుగురు. అధ్యక్షునికి ఆగస్టు 6న ఏ హెచ్చరిక కాగితం అందిందో కూడా జనం ముందుకు వచ్చింది. ఇంకా దగ్గర చూడు, శ్రీలంక. 2019 ఏప్రిల్ 21, ఈస్టర్ రోజు చర్చిల్లో, హోటళ్లలో బాంబులు పేలి 260 మందికి పైగా పోయినారు. రెండు వారాల ముందే మన దేశం వాళ్లకు సమాచారం ఇచ్చింది. 2023 జనవరిలో వాళ్ల సుప్రీంకోర్టు, మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేన సొంత డబ్బుల్లోంచి పది కోట్ల శ్రీలంక రూపాయలు బాధితులకు కట్టాలని తీర్పిచ్చింది. పోలీసు పెద్దకూ, నిఘా పెద్దకూ, రక్షణ కార్యదర్శికీ వేసింది. బాంబు పెట్టింది సిరిసేన అని కోర్టు అనలేదు. హెచ్చరిక ఉండీ జనాన్ని కాపాడలేదు, అది పౌరుల హక్కుకు భంగం అన్నది. పైవానితో పాటు కిందివానికీ వేసింది, కిందివానితో సరిపెట్టలేదు.

మామ: ఆ చివరి మాట నాకు నచ్చింది. మన దగ్గర ఏం జరుగుతుందో తెల్సా? ఏదైనా జరిగితే సాయంత్రానికి ఎస్సైని పోస్టింగు లేకుండా వీఆర్‌కు పంపుతారు. ఇద్దరు కానిస్టేబుళ్లను సస్పెండు చేస్తారు. పేపర్లో చర్యలు తీసుకున్నాం అని వస్తుంది. ఆ ఎస్సై ఆరు నెలల నుంచి నాకు మనుషులు చాలట్లేదని రాసిన కాగితం ఎవరూ తీయరు. రాయచోటిలో 2025 జులైలో తమిళనాడు పోలీసులు పట్టుకున్నారే, ముప్పై ఏళ్లుగా వెతుకుతాండే మనిషిని? అన్నేళ్లు పేరు మార్చుకుని మన సీమలో బతికినాడని తేలితే, మొదట స్థానిక పోలీసు నిద్రపోతాండాడని అన్నారు. ఒక రాష్ట్రంలో కావాల్సిన వాని ఫొటో పక్క రాష్ట్రం స్టేషన్‌కు చేరే ఏర్పాటు సరిగ్గా ఉండాదా అని ఎవరైనా అడిగినారా?

అల్లుడు: నేను అడిగేదే అది మామా! పైన జవాబు చెప్పేవాడు లేకపోతే శిక్ష కిందికి జారుతుంది. మంత్రి బాధ్యత అనేది పోలీసుకు శత్రువు కాదు, రక్ష.

మామ: కానీ ఒక జాగ్రత్త చెప్తా, రాసిపెట్టుకో. 2025 ఆగస్టులో ధర్మవరంలో హోటల్లో వంట చేసే ఒకణ్ని, పాకిస్తాన్ ముఠాలతో ఫోన్ సంబంధాలు ఉన్నాయన్న ఆరోపణ మీద పట్టుకున్నారు. కేసు కోర్టులో తేలాల. ఆ మర్నాటి నుంచి కొందరు ఆ వీధి వీధినే అనుమానంగా చూడటం మొదలుపెడితే అది మొదటికే మోసం. నా సర్వీసులో నాకు పనికొచ్చిన సమాచారం అంతా అట్లాంటి వీధుల నుంచే వచ్చింది. టీ కొట్టు ముసలాయన చెప్తాడు, మసీదు కమిటీ పెద్ద చెప్తాడు, కొత్త మనిషి వచ్చినాడు సార్ అని. వాళ్లను దూరం చేసుకుంటే ఎన్ని కెమెరాలు పెట్టినా గుడ్డోళ్లమే. నాయకులు ఓట్ల కోసం ఆ దూరం పెంచితే, అది కూడా కాపలా తప్పినట్టే లెక్క.

అల్లుడు: అది నా లెక్కలో కూడా ఉంటుంది. ఇప్పుడు తేల్చుకుందాం. మంత్రి ఎప్పుడు దిగాల? మూడు సందర్భాలంటాను. ఒకటి, చోటు, ముఠా తెలిసే హెచ్చరిక ఉండీ కదలకపోతే. రెండు, జరిగినాక సభకు అబద్ధం చెప్తే, నివేదిక తొక్కిపెడితే. మూడు, మనుషులు లేరు, సామాను లేదు అని కిందివాళ్లు రాసి మొత్తుకున్నా ఏళ్లకేళ్లు పట్టించుకోకపోతే.

మామ: మొదటి రెండూ ఒప్పుకుంటా. మూడోది కుదరదు. సిబ్బంది చాలలేదని దిగమంటే దేశంలో ఒక్క హోం మంత్రి మిగలడు. డబ్బు ఆసుపత్రికి పెట్టాలా, బడికి పెట్టాలా, పోలీసుకు పెట్టాలా అనేది జనం ఓటుతో తేల్చాల్సింది. దాన్ని తెచ్చి రాజీనామాకు ముడిపెట్టొద్దు.

అల్లుడు: దేనికి ఎంత పెట్టినారో జనానికి తెలిస్తే కదా ఓటుతో తేల్చేది. దిల్‌సుఖ్‌నగర్ మీద నివేదిక లేకుండా 2014లో ఓటేసినాం. ఏం తెలిసి వేసినాం?

మామ: ఈ రాజీనామా అడగడానికి ఇంకో రోగం ఉండాది. 2013లో షిండేను నిలదీసిన పార్టీ ఇప్పుడు ఢిల్లీలో రాజ్యం ఏలుతాండాది. అప్పుడు రాజ్యమేలిన పార్టీ 2025 జులైలో లోక్‌సభలో లేచి, ముంబై తర్వాత మావాళ్లు రాజీనామా చేసినారు, మీరెందుకు చేయరు అని అడిగింది. కుర్చీలు మారినాయి, ప్రశ్నలు మారినాయి. తన వాడు కూర్చున్నప్పుడు దేశభద్రత, పక్కవాడు కూర్చున్నప్పుడు వైఫల్యం. ఇది చూసే నాకు ఈ రాజీనామా మాటల మీద నమ్మకం పోయింది.

అల్లుడు: అందుకే ఈ ప్రశ్నను పార్టీల చేతిలో వదలొద్దంటున్నా. అది వాళ్ల ఇష్టం మీద ఆధారపడకూడదు. రైలు ప్రమాదానికి ఎట్లనో అట్ల, ఉగ్రవాద దాడిలో ఇంతమంది చనిపోతే విచారణ దానంతటదే మొదలు కావాల. విచారించేవాళ్లు హోం శాఖ కింద ఉండకూడదు. ఆరు నెలల్లో నివేదిక, రహస్యాలు తీసేసి, సభ ముందుకు రావాల. దాని మీద సంబంధించిన మంత్రి తానే లేచి జవాబు చెప్పాల, సెక్రటరీతో చెప్పించకూడదు. రాష్ట్రంలో ఏ పార్టీ ఉన్నా, ఢిల్లీలో ఏ పార్టీ ఉన్నా ఇదే నియమం.

మామ: దాంట్లో నా షరతు ఒకటి చేర్చు. ఆ నివేదిక వచ్చేవరకు ఎస్సై మీదా, కానిస్టేబుల్ మీదా వేటు వేయకూడదు. తప్పు తేలినాక పైనుంచి కిందికి వరసగా వేయాల. అప్పుడు స్టేషన్‌లో ఉండేటోడు భయం లేకుండా నిజం రాస్తాడు. నిజం రాసినప్పుడే తర్వాతి బాంబును పట్టుకుంటాం.

అల్లుడు: చేర్చినా. మూడో సందర్భం మీద మాత్రం నేను తగ్గను మామా.

మామ: తగ్గొద్దు, నేనూ ఒప్పుకోను. మంత్రి దిగాలా వద్దా అనేది సభలో కొట్లాడుకోనీ. లెక్క చెప్పాలా వద్దా అనేదాని మీద మాత్రం కొట్లాట ఉండకూడదు. అది చట్టంలో రాయించండి. మీ లాయర్లు మొదలుపెట్టండి, సంతకం పెట్టేదానికి నేను వస్తా. ఏ పార్టీ రాజ్యంలో ఉన్నప్పుడు పెట్టమన్నా పెడతా.